పది గ్రెయిన్ల తేడా: మొదటి పోటీల సీజనుకు బాణం పాయింట్లు కొని, సరిచేసుకున్న అనుభవం

మా అమ్మాయి కొసలు ముందుకు వంగి ఉండే రికర్వ్ విల్లు పట్టి రెండేళ్లయింది. ఈ ఏడాది మొదటిసారి అండర్-18 విభాగంలో, 60 మీటర్ల దూరంలో, 122 సెంటీమీటర్ల టార్గెట్ మీద పోటీ పడబోతున్నది. ఆ సీజను కోసం మేము కొన్న డజను స్టెయిన్‌లెస్ స్టీలు పాయింట్ల గురించీ, వాటిని ఆమె విల్లుకు తగ్గట్టు సరిచేసుకోవడానికి పట్టిన మూడు వారాల గురించీ ఈ సమీక్ష రాస్తున్నాను. బాణం కొనను మన పెద్దలు ములికి అనేవారు, మైదానంలో పిల్లలంతా పాయింటు అంటారు, నేనూ ఆ మాటే వాడతాను. కంపెనీ పేరు రాయడం లేదు, ఎందుకంటే నేను చెప్పదలచుకున్నది ఫలానా ముద్ర గొప్పదని కాదు, మొదటి సీజనుకు వెళ్లే పిల్లలకు ఏ రకం పాయింటు కొనాలి, కొన్నాక దానిని ఎలా పరీక్షించుకోవాలి అన్నది మాత్రమే.

విలువిద్యలో విజయవాడకు ఉన్న అనుభవం మన విశాఖపట్నానికి ఇంకా రాలేదు. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు గెలిచిన జ్యోతి సురేఖ, పారిస్ ఒలింపిక్స్‌లో ఆడిన ధీరజ్ బొమ్మదేవర ఇద్దరూ ఆ ఊరివాళ్లే. అక్కడి పిల్లలకు బాణం సంగతి చెప్పే అన్నలూ అక్కలూ మైదానంలోనే దొరుకుతారు. ఇక్కడ గాజువాక వైపు మేము సాధన చేసే మైదానంలో ఒక కోచ్ గారు, పద్నాలుగు మంది పిల్లలు, బాణాలు గుచ్చుకునే గడ్డి దిమ్మెలు, అంటే బట్రెస్‌లు, నాలుగు ఉన్నాయి. సామాను మాత్రం ఆన్‌లైన్‌లో తెప్పించుకోవలసిందే. చేత్తో పట్టి చూసి కొనే వీలు లేనప్పుడు ఏమి అడగాలో ముందే తెలిసి ఉండాలి.

మాకు అది తెలియక మొదట రెండు పొరపాట్లు జరిగాయి.

మొదటిది బహుమతి రూపంలో వచ్చింది. టెక్సాస్‌లో ఉన్న మా బావమరిది మేనకోడలి కోసం డజను పాయింట్లు పంపించాడు. ఒక్కొక్కటి 125 గ్రెయిన్లు (బాణాల బరువు చెప్పే చిన్న కొలత), మర తిప్పి బిగించే రకం, చూడముచ్చటగా ఉన్నాయి. అవి మా అమ్మాయి బాణాలకు ఎక్కనే లేదు. ఆమె షాఫ్ట్, అంటే బాణం బోలు గొట్టం, లోపలి వ్యాసం 4.2 మిల్లీమీటర్లు. ఆ పాయింటు మర మందమే దాదాపు అంత ఉంటుంది కాబట్టి, దానిని పట్టి ఉంచే ఇన్‌సర్ట్‌కు లోపల చోటు ఉండదు. ఆ మర కొలత అమెరికాలో చాలా వేట బాణాలకు ఉమ్మడిగా వాడేది, అక్కడి షాఫ్ట్‌లు ఎక్కువగా లావువి. ఫోనులో ఈ మాట చెబితే అతను వెంటనే విషయం గ్రహించాడు. "బావా, ఇక్కడ విల్లుతో జింకల వేటకు వెళ్లేవాళ్లకు 100, 125 గ్రెయిన్లే అలవాటు. వేటకు వాడే పలక ములికి ఎంత బరువుంటే, సాధనకు వాడే పాయింటు కూడా అంతే బరువు కొంటారు. నేను ఆ లెక్కలోనే పంపేశాను," అన్నాడు.

అతను చెప్పిన పలక ములికినే అక్కడివాళ్లు బ్రాడ్‌హెడ్ అంటారు. పాయింట్ల కోసం ఆన్‌లైన్‌లో వెతికేవారికి అవి కూడా కనిపిస్తాయి కనుక ఒక మాట చెప్పాలి. వాటికి రెండో మూడో బ్లేడు లాంటి పలకలుంటాయి. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వన్యమృగాల వేటను నిషేధించింది, కాబట్టి వేట కోసం అన్న మాటే లేదు. టార్గెట్ పోటీల్లోనూ కాగితపు ఫేస్‌కు గానీ బట్రెస్‌కు గానీ అనవసరమైన నష్టం కలిగించే బాణాలను నిబంధనలు ఒప్పుకోవు. పిల్లలున్న ఇంట్లోకి ఆ వస్తువు రానేకూడదు. అయితే వాటిని సరిచేసుకునే పద్ధతి గురించి మా బావమరిది చెప్పిన సంగతి నాకు చాలా ఉపయోగపడింది. బాణం వెనక ఉన్న ఈకలు దానిని నిలబెట్టి నడిపిస్తాయి. ముందు ఉన్న పలకలు కూడా గాలిని పట్టుకుని రెక్కల్లా పనిచేస్తాయి. విల్లులో ఏ కొంచెం లోపం ఉన్నా, మామూలు పాయింటుతో ఈకలు దానిని కప్పిపుచ్చగలవు గానీ, పలక ములికి పెట్టగానే ఆ లోపం పెద్దదై బాణం పక్కకు పోతుంది. అందుకే వేటగాళ్లు సీజనుకు ముందు ఆ రెండు రకాల ములుకులూ ఒకే చోట తగిలేదాకా విల్లును సరిచేస్తూనే ఉంటారట. టార్గెట్ విలువిద్యలో ఈ పనిని ఈకలు లేని బాణం చేస్తుంది. అక్కడ ముందు రెక్కలు చేర్చి లోపాన్ని బయటపెడితే, ఇక్కడ వెనక రెక్కలు తీసేసి బయటపెడతాము.

రెండో పొరపాటు ఖరీదైనది. ఒక దుకాణం వారు షాఫ్ట్‌లు కోసి, పాయింట్లు అతికించి పంపుతామంటే సరేనన్నాము. వచ్చిన బాణాలు పైకి బాగానే ఉన్నాయి. నాలుగో రోజు సాధనలో అమ్మాయి బట్రెస్ నుంచి ఒక బాణం లాగితే అది తేలిగ్గా ఊడి వచ్చింది, కొన చూస్తే బోలుగా ఉంది, పాయింటు గడ్డిలోనే ఉండిపోయింది. ఆ వారంలో మరో రెండు అలాగే పోయాయి. నేను ఉక్కు కర్మాగారంలో మెషిన్ షాపులో ఇరవై రెండేళ్లుగా పనిచేస్తున్నాను, అతుకు ఎందుకు వదిలిందో చూడకుండా ఉండలేను. ఊడిన షాఫ్ట్ కొనను భూతద్దం కింద పెట్టి చూస్తే, లోపల కార్బన్ పొడి అలాగే ఉంది, తుడవకుండానే జిగురు పెట్టారు. ఇంకో రెండు షాఫ్ట్‌ల అంచు దగ్గర పొరలు సన్నగా విచ్చుకుని ఉన్నాయి. పాయింటుకు బదులు షాఫ్ట్‌నే మంట మీద పట్టి ఉంటారని నా అభిప్రాయం. కార్బన్ షాఫ్ట్‌లో పోగులను పట్టి ఉంచేది ఎపాక్సీ, ఎక్కువ వేడి తగిలితే అది బలం కోల్పోతుంది. అలా విచ్చిన షాఫ్ట్ విల్లు వదిలే క్షణంలో విరిగితే చేతికి గుచ్చుకునే ప్రమాదం ఉంది. ఆ బాణాలన్నీ పక్కన పడేసి, ఈసారి షాఫ్ట్‌లూ పాయింట్లూ విడివిడిగా తెప్పించి ఇంట్లోనే అతికించాలని నిర్ణయించుకున్నాము.

ఇక అసలు సరుకు. మేము ఎంచుకున్నవి బ్రేక్-ఆఫ్ పాయింట్లు. షాఫ్ట్ లోపలికి వెళ్లే తోక భాగానికి రెండు గాట్లు ఉంటాయి. మొత్తంగా ఉంటే 100 గ్రెయిన్లు, పట్టకారుతో మొదటి గాటు దగ్గర విరిస్తే 90, రెండో గాటు దగ్గర విరిస్తే 80. మొదటి సీజను పిల్లలకు ఇవే కొనమని గట్టిగా చెబుతాను. ఈ వయసులో పిల్లల చేతి బలం నెలనెలా మారుతుంది, లాగే పొడవు పెరుగుతుంది, విల్లు కొమ్ములను, అంటే లింబ్‌లను, మారుస్తాము. ఒకే బరువున్న పాయింటు కొంటే ప్రతి మార్పుకూ కొత్త డజను కొనాలి, ఇవైతే కొంత దూరం కలిసి వస్తాయి. విరిచిన ముక్కను మళ్లీ అతికించలేము కనుక బరువు తగ్గించడమే గానీ పెంచడం ఉండదు. అదొక్కటే దీనికున్న హద్దు.

స్టెయిన్‌లెస్ ఎందుకంటే మన ఊరి గాలి వల్ల. ఆ దుకాణం బాణాలకు ముందు ఆమె వాడిన బాణాల పాయింట్లు మామూలు ఉక్కు మీద పూత వేసినవి. ఒక్క వానాకాలం గడిచేసరికి కొన దగ్గర పూత పోయిన చోటల్లా ఎర్రటి తుప్పు పట్టింది. సముద్రం నుంచి వచ్చే ఉప్పు తేమ ఇంట్లో గేటునే తినేస్తుంది, గడ్డికి రాసుకుని గరుకెక్కిన పాయింటు దానికెంత? తుప్పు గరుకు వల్ల బాణం లాగడం కష్టమవుతుంది, ఎక్కువ బలం పెడితే అతుకు మీద ఒత్తిడి పడుతుంది. కొత్తవి ఆరు నెలలుగా వాడుతున్నా మచ్చ పడలేదు. సాధన అవ్వగానే పొడి గుడ్డతో తుడిచి, అమ్ములపొదిలో కాకుండా డబ్బాలో పెడుతున్నాము.

పాయింట్ల నాణ్యత చూడడానికి నేను నమ్మే పరీక్ష ఒకటే, తూకం. గ్రెయిన్ అంటే చాలా చిన్న కొలత, 100 గ్రెయిన్లు 6.48 గ్రాములు. వంటింటి త్రాసు దీనికి పనికిరాదు. అందుకని ఒక సాయంత్రం పాతవీ కొత్తవీ రెండు కాగితపు పొట్లాలు కట్టుకుని కురుపాం మార్కెట్‌లో మాకు తెలిసిన కంసాలి గారి దగ్గరకు వెళ్లాను. ఆయన ఒక పాయింటును వేళ్ల మధ్య దొర్లించి, దీపం కింద పెట్టి చూసి, "ఏం బాబూ, ఇది వెండి కాదే, దీనికి నా త్రాసెందుకు?" అని అడిగారు. విషయం చెప్పాక ఆయనే ఆసక్తిగా ఒక్కొక్కటీ పెట్టి అంకె చదువుతుంటే నేను రాసుకున్నాను. దుకాణం వారు పంపిన పాతవాటిలో అన్నిటికన్నా తేలికది 6.21 గ్రాములు, బరువైనది 6.72. అంటే అర గ్రాము, దాదాపు 8 గ్రెయిన్ల తేడా. కొత్త డజనులో తేలికది 6.44, బరువైనది 6.53, తేడా గ్రెయిన్నర లోపు. "ఇవి అచ్చు పోసినట్టున్నాయి, అవి చేతికొచ్చినట్టు చేసినవి," అని రెండు పొట్లాలూ వేరు చేసి ఇచ్చారు. డబ్బు ఇవ్వబోతే పుచ్చుకోలేదు.

ఆ 8 గ్రెయిన్లు ఎందుకు ముఖ్యమో చెప్పాలి. మా అమ్మాయి బాణం మొత్తం బరువు 280 గ్రెయిన్ల లోపు. ఒకే బలంతో వదిలిన రెండు బాణాల్లో ఒకటి 8 గ్రెయిన్లు బరువైతే అది నెమ్మదిగా వెళ్లి 60 మీటర్ల దగ్గర కిందకు తగులుతుంది. 122 సెంటీమీటర్ల ఫేస్ మీద ఒక్కో రింగు వెడల్పు 6.1 సెంటీమీటర్లు, ఈ తేడా ఒక రింగును దాటుతుంది. పిల్ల తప్పేమీ లేకుండానే తొమ్మిది ఎనిమిది అవుతుంది, ఆమె మాత్రం తన భుజంలో లోపం ఉందనుకుని మంచి అలవాటును మార్చుకుంటుంది. నాకు బాధ కలిగించినది ఈ చివరి విషయమే. ఆ దుకాణం బాణాలతో ఆడిన రోజుల్లో ఆమె నోటుబుక్కులో "రిలీజ్ సరిగా లేదు", అంటే నారి వదలడం సరిగా లేదు అని ఎన్నిసార్లు రాసుకున్నదో లెక్కపెట్టాను, పదిహేడుసార్లు.

అతికించే పని ఇద్దరమూ కలిసి చేశాము. షాఫ్ట్ లోపల స్పిరిట్‌లో ముంచిన దూది పుల్లతో నల్లదనం రానంత వరకూ తుడిచాము. పాయింటు కొనను పట్టకారుతో పట్టుకుని తోక భాగాన్ని స్పిరిటు దీపం మీద కొద్దిసేపు వేడిచేసి, తక్కువ వేడికి కరిగే జిగురు కడ్డీని దానికి రుద్ది, తిప్పుతూ షాఫ్ట్‌లోకి నెట్టి, పొంగిన జిగురు తుడిచి, వెంటనే నీళ్లలో ముంచాము. వేడి ఎప్పుడూ పాయింటుకే తగలాలి, షాఫ్ట్‌కు తగలకూడదు. ఎపాక్సీ వాడితే అతుకు ఇంకా గట్టిగా ఉంటుందని కొందరు అంటారు, అది నిజమే కావచ్చు. కానీ బ్రేక్-ఆఫ్ పాయింటును తరువాత విరవాలంటే బయటకు తీయాలి. ఈ జిగురైతే కొనను మరిగే నీళ్లలో కాసేపు ఉంచితే మెత్తబడి ఊడి వస్తుంది. సరిచేసుకోవడం పూర్తి కాని మొదటి సీజనులో వెనక్కి తీసుకోగలిగిన అతుకే మంచిది.

ఆరిన తరువాత ప్రతి బాణాన్నీ రెండు వి-బ్లాకుల (V ఆకారపు గాడి ఉన్న దిమ్మెల) మీద పెట్టి దొర్లించాను. కొన వణకకూడదు. పన్నెండింటిలో ఒకటి వణికింది, దానిని తీసి తిప్పి మళ్లీ అతికిస్తే సర్దుకున్నది. ఇంట్లో వి-బ్లాకులు లేనివారు నున్నటి బల్ల అంచున దొర్లించి చూసినా లోపం తెలుస్తుంది.

ఇక మైదానంలో జరిగిన పరీక్ష. బాణం గట్టిదనాన్ని స్పైన్ అనే అంకెతో చెబుతారు. 28 అంగుళాల దూరంలో ఉన్న రెండు ఆధారాల మీద షాఫ్ట్ పెట్టి, మధ్యలో 880 గ్రాముల బరువు వేలాడదీస్తే అది ఎంత వంగుతుందో అంగుళంలో వెయ్యో వంతుల్లో చెప్పే అంకె అది. మా అమ్మాయి షాఫ్ట్ 700, అంటే 0.700 అంగుళం వంగుతుంది. విల్లు ఆమె లాగే పొడవు దగ్గర 34 పౌండ్లు. అయితే ఇది కదలని బాణం లెక్క. వింటినారి వెనక నుంచి తోసినప్పుడు ముందున్న పాయింటు బరువు కదలనని మొరాయిస్తుంది, రెండింటి మధ్య షాఫ్ట్ వంగుతుంది. పాయింటు బరువు పెంచితే బాణం మెత్తనిదానిలా, తగ్గిస్తే గట్టిదానిలా ప్రవర్తిస్తుంది. పది గ్రెయిన్లతో బాణం నడక మారేది ఇందుకే.

మన ఊళ్లో ఈ పరీక్షకు వేళ చాలా ముఖ్యం. పొద్దెక్కితే సముద్రపు గాలి లేస్తుంది, ఈకలు లేని బాణం దానికి ఆగదు. ఉదయం ఆరింటికే మైదానానికి వెళ్లి, ఎనిమిదికల్లా ముగించుకునేవాళ్లము. 18 మీటర్ల దగ్గర మూడు ఈకల బాణాలు, రెండు ఈకల్లేని బాణాలు, అన్నిటికీ 100 గ్రెయిన్ల పాయింట్లు పెట్టి మొదలుపెట్టాము. ఈకలున్నవి మూడూ అరచేయంత చోటులో తగిలాయి. లేనివి రెండూ వాటికి మూడు వేళ్లు కింద, జానెడు కుడివైపున, తోకలు వంకరగా నిలబడ్డాయి.

కోచ్ గారు ముందు నిలువు సంగతి చూడమన్నారు. ఈకల్లేని బాణం కిందకు తగిలితే నారి మీద బాణం తగిలించే చోటు, అంటే నాకింగ్ పాయింట్, ఎక్కువ ఎత్తులో ఉన్నట్టు. దానిని ఒక్కో మిల్లీమీటరు దింపుతూ రెండుసార్లు మార్చేసరికి ఎత్తు కలిసింది. ఆ తరువాతే అడ్డం. కుడిచేతితో నారి లాగేవారికి ఈకల్లేని బాణం కుడికి పోతే అది మెత్తనని, ఎడమకు పోతే గట్టిదని గుర్తు. మాది మెత్తన. నేను డజనూ విరిచేద్దామన్నాను. కోచ్ గారు ఆపారు. "ఈకల్లేని రెండూ, ఈకలున్న మూడూ చాలండి. తప్పు జరిగితే ఐదే పోతాయి," అన్నారు. ఆ సాయంత్రం ఐదు పాయింట్లు వేడి నీళ్లలో ఊడదీసి, మొదటి గాటు దగ్గర విరిచి, మళ్లీ అతికించాము. మర్నాడు జానెడు తేడా నాలుగు వేళ్లకు వచ్చింది.

ఇక్కడ నాకు రెండో గాటు కూడా విరవాలనిపించింది. కానీ 80 గ్రెయిన్లకు దిగితే బాణం ముందు బరువు తగ్గుతుంది, గాలిలో నిలకడ పోతుందేమోనని సందేహం. దానిని కొలవడం సులభం. బాణాన్ని కత్తి అంచు మీద నిలబెట్టి తూగే చోటును గుర్తించాలి. మా బాణం నాక్ గాడి (వెనక నారికి తగిలే గాడి) నుంచి 71 సెంటీమీటర్లు, సగం 35.5. 90 గ్రెయిన్లతో అది 45.2 దగ్గర తూగింది. ముందుకు జరిగిన 9.7 సెంటీమీటర్లను 71తో భాగిస్తే 13.7 శాతం. ఆరుబయట రికర్వ్ బాణానికి 11 నుంచి 16 శాతం మధ్య ఉండడం మంచిదని తయారీదారుల సూచన. గాలి వీచే ఊళ్లో ఆ బరువు ముందే ఉండనివ్వాలని, పాయింటు జోలికి పోకుండా లింబ్ బోల్టులను రెండువైపులా సమానంగా అర చుట్టు వదులు చేయించారు కోచ్ గారు. విల్లు బలం కాస్త తగ్గింది, బాణం కాస్త గట్టిగా నడిచింది, తేడా రెండు వేళ్లయింది. మిగిలినది విల్లు మీద బాణం పక్కకు ఆనుకునే ప్లంజర్ స్ప్రింగుతో సర్దుకున్నది. మిగతా ఏడు పాయింట్లను విరిచింది ఆ తరువాతే. 30 మీటర్ల దగ్గర కూడా ఈకల్లేని బాణం గుంపు అంచున చేరినప్పుడు, అమ్మాయి అక్కడే నిలబడి రెండు బాణాల తోకలనూ వేలితో తాకి, సమానంగా ఉన్నాయో లేదో చాలాసేపు చూసింది.

పాయింట్లలో లోపం లేదని కాదు. విరిచిన చోట చిన్న ముల్లులా మిగిలింది, నేను సన్న ఆకురాయితో నున్నగా చేయవలసి వచ్చింది, లేకపోతే అది షాఫ్ట్ లోపలి గోడను గీరుతుంది. విరిచాక మళ్లీ తూచాలి కూడా, ఎందుకంటే గాటు లోతు అన్నిటికీ ఒకేలా లేదు. రెండు పాయింట్లు మిగతావాటికన్నా గ్రెయిన్ పైగా తేడా వచ్చాయి. వాటిని ఈకల్లేని పరీక్ష బాణాలకే కేటాయించాము. పెట్టె మీద బరువు, లోపలి వ్యాసం రాసి ఉన్నాయి గానీ ఏయే షాఫ్ట్‌లకు సరిపోతాయో రాయలేదు, కొత్తవారికి అది ఇబ్బంది. కొనేముందు మీ షాఫ్ట్ లోపలి వ్యాసం 3.2 మిల్లీమీటర్లో, 4.2నో, 6.2నో వెర్నియర్‌తో చూసుకోండి.

గురి చూసే సైట్ మీదా, విల్లును కదలకుండా నిలిపే స్టెబిలైజర్ మీదా పెట్టే డబ్బుతో పోలిస్తే డజను పాయింట్ల ఖర్చు చాలా తక్కువ. ఆ రెండూ ఇంకో ఏడాది ఆగవచ్చు. కప్పీలుండే కాంపౌండ్ విల్లు వాడే పిల్లల తల్లిదండ్రులకు మాత్రం నా లెక్కలన్నీ యథాతథంగా వర్తించవు, ఎందుకంటే వాళ్లు వేళ్లతో కాక రిలీజ్ పరికరంతో వదులుతారు, బాణం పక్కకు వంగే తీరు వేరు. తూకం, అతుకు, తుప్పు గురించిన మాటలు మాత్రం వారికీ పనికొస్తాయి.

సీజనులో ఒకటి రెండు పాయింట్లు పోవడం ఖాయమనుకుని అదే రకానివి మరో నాలుగు తెప్పించాను. నిన్న వాటిని కూడా కంసాలి గారి దగ్గర తూయించి, విరిచి, ఆకురాయి పట్టి, మళ్లీ తూయించి, ఒక చిన్న డబ్బాలో వేసి మూత మీద నాలుగు అంకెలూ రాసి అమ్మాయి కిట్‌లో పెట్టాను.